ఇడ్లీ టైమరూ, ఎడమ ట్యాంకూ

బజాజ్ చేతక్ నడిపినవాళ్ళకి నేను చెప్పబోయే దాంట్లో సగం ముందే తెలుసు. మా ఇంట్లో ఉన్న చేతక్‌కి పెట్రోలు ఎంతుందో చూపించే ముల్లు లేదు. సీటు కింద ఒక ట్యాపు ఉండేది. ఆన్, రిజర్వ్, ఆఫ్. బండి దగ్గి దగ్గి ఆగిపోతే వంగి ట్యాపు రిజర్వ్‌కి తిప్పి, బండిని ఓ పక్కకి వంచి లేపి, కిక్కు కొడితే మళ్ళీ కదిలేది. పెట్రోలు బంకు దాకా అదే దిక్కు. బంకులో పోయించుకున్నాక గుర్తుపెట్టుకుని ట్యాపు మళ్ళీ ఆన్‌కి తిప్పాలి. మర్చిపోతే అప్పటికేమీ తెలియదు, బండి హాయిగా నడుస్తుంది. వారం తర్వాత చేబ్రోలు దాటాక, మే నెల మధ్యాహ్నం రెండింటికి ఆగుతుంది. ఏముందిలే అని ధీమాగా వంగి చూస్తే ట్యాపు అప్పటికే రిజర్వ్‌లో ఉంటుంది. ఆ క్షణంలో కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూడు కిలోమీటర్లు తోసుకెళ్ళాను.

ఇప్పుడు నేను డాలస్ దగ్గర ఉంటున్నాను. ఫోన్లలోకి యాప్‌లు రాయడం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో చిన్న విమానం అద్దెకి తీసుకుని నడుపుతాను. దాన్ని పైపర్ వారియర్ అంటారు. నాలుగు సీట్లు, ఒకే ఇంజను, 160 హార్స్‌పవర్. 1979లో తయారైంది, నాకంటే ఐదేళ్ళు చిన్నది. రెక్కకొక ట్యాంకు చొప్పున రెండు ట్యాంకులు. పైలట్ ఎడమకాలి దగ్గర, పక్కగోడకి ఒక ట్యాపు. ఎడమ, కుడి, ఆఫ్. చూసిన మొదటిరోజు నాకు చేతకే గుర్తొచ్చింది.

ఆ ట్యాపుకి ‘రెండూ’ అనే గుర్తు లేదు. సెస్నా 172కి ఉంటుంది. దాని రెక్కలు పైలట్ నెత్తిమీద ఉంటాయి కాబట్టి రెండు ట్యాంకుల పెట్రోలూ దాని బరువుకి అదే కిందికి దిగుతుంది. వారియర్ రెక్కలు సీట్ల కింద. అక్కణ్ణించి ఇంజనుకి పంపు లాగాలి. కొబ్బరిబొండంలో ఒక స్ట్రా, బొండం బయట ఒక స్ట్రా పెట్టి రెంటినీ కలిపి పీల్చి చూడండి, నీళ్ళు రావు, గాలి వస్తుంది. ఒక ట్యాంకు ముందుగా ఖాళీ అయితే పంపు గతీ అంతే. అందుకే ఒకసారికి ఒకే ట్యాంకు తెరవాలి. కాసేపు ఎడమది, కాసేపు కుడిది. ఒక రెక్కే బరువై విమానం ఆ పక్కకి ఒరగకుండా మాలో చాలామంది అరగంటకోసారి మారుస్తాం.

ఆ అరగంటని ఎవరు గుర్తుచేయాలి? గొడవంతా దాని గురించే.

ఫ్లోరిడాలో పైలట్ శిక్షణలో ఉన్న మా స్నేహితుడి కూతురు ఈమధ్య ఫోన్ చేసింది. “బాబాయ్, ఫ్యూయల్‌కి ఏ యాప్ కొనమంటారు? ఇక్కడ తలా ఒకటి చెప్తున్నారు. మీరు యాప్‌లే రాస్తారు కదా, మీకు తెలుస్తుంది” అంది. వంటింట్లో వాడే టైమర్ ఒకటి కొనుక్కోమన్నాను. నవ్వింది. నేను నవ్వలేదని గమనించి, “నిజంగానే అంటున్నారా?” అంది. పిల్లల్ని ఫ్లోరిడాకీ టెక్సస్‌కీ పంపినవాళ్ళూ, హైదరాబాద్ పక్కన నాదర్‌గుల్‌లో చేర్చినవాళ్ళూ మనలో ఇప్పుడు తక్కువేం లేరు. ఆ అమ్మాయికి ఫోన్లో సగం చెప్పి వదిలేసిన జవాబు పూర్తిగా రాస్తే వాళ్ళకీ పనికొస్తుందని అనిపించింది.

రెండేళ్ళ క్రితం అక్టోబరులో మా బావమరిది గుంటూరు నుంచి వచ్చాడు. అతన్నీ మా ఆవిడనీ ఎక్కించుకుని డెంటన్ నుంచి అమరిల్లోకి బయల్దేరాను. అక్కడికి దగ్గర్లోనే పాలో డ్యూరో కానియన్ ఉంది, చూపిద్దామని. ముగ్గురు మనుషులు, మూడు బ్యాగులు. వాటిలో ఒకదాన్నిండా అమరిల్లోలో ఉన్న స్నేహితుడి ఇంటికి మా అత్తగారు కట్టిచ్చిన ఆవకాయా గోంగూరా. చిన్న విమానంలో ఆవకాయ జాడీకి కూడా లెక్క చెప్పాలి. అంత బరువుతో ట్యాంకులు నిండా పోయించుకోలేం. మూత తీస్తే లోపల చిన్న రేకు నాలుక ఒకటి కనిపిస్తుంది. పెట్రోలు దాని అడుగుని తాకితే ఆ ట్యాంకులో 17 గాలన్లు ఉన్నట్టు. రెండిట్లోనూ అక్కడిదాకా పోయించాను. మొత్తం 34, అంటే దాదాపు 130 లీటర్లు. ఇంజను గంటకి తొమ్మిది గాలన్లు తాగుతుంది, పైకెక్కేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. దారిలో చిల్డ్రెస్ అనే ఊళ్ళో దిగి మళ్ళీ పోయించుకుందాం అనుకున్నాను. అక్కడికి రెండు గంటలలోపే. పగటిపూట ప్రయాణానికి చేరాల్సిన చోటు దాకా సరిపడేది కాక ఇంకో అరగంటకి పెట్రోలు మిగలాలని అమెరికా నిబంధన, రాత్రయితే ముప్పావుగంటకి. నాకు గంటన్నర పైనే మిగులుతుంది. కాగితం మీద వంక పెట్టడానికేమీ లేదు.

అరగంటలు గుర్తుచేయడానికి ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. పేరు అనవసరం, ఇది దాని మీద ఫిర్యాదు కాదు. తెర మీద విమానం బొమ్మ. ఏ ట్యాంకు వాడుతున్నామో ఆ రెక్క ఆకుపచ్చగా వెలుగుతుంది. అరగంట కాగానే ‘కుడికి మార్చు’ అని పైకి లేస్తుంది. ‘అయింది’ అని నొక్కితే ఆకుపచ్చ రంగు రెండో రెక్కకి మారుతుంది. ఏ ట్యాంకులో ఎంత మిగిలిందో లెక్కగట్టి చూపిస్తుంది. యాప్‌లు రాసి బతికేవాణ్ణి కదా, దాని పనితనం చూసి ముచ్చటపడ్డాను.

ఎడమ ట్యాంకుతో లేచాం. మొదటి అరగంట అయ్యేసరికి 6,500 అడుగుల్లో విచిటా ఫాల్స్‌కి దగ్గరవుతున్నాం. ఆ ఊళ్ళో షెపర్డ్ వైమానిక స్థావరం ఉంది. నాటో దేశాల యుద్ధవిమాన పైలట్లు అక్కడ శిక్షణ తీసుకుంటారు. రేడియోలో కంట్రోలర్, నీకు ముందు కాస్త ఎడమగా రెండు టీ-38లు వస్తున్నాయి, కనిపించాయా అని అడిగాడు. అవి జెట్లు. మాది గంటకి వంద మైళ్ళ బండి. ముగ్గురం అద్దాలకి అతుక్కుపోయి వెతుకుతున్నాం. సరిగ్గా అప్పుడే ఫోన్ ‘కుడికి మార్చు’ అని లేచింది. నా బొటనవేలు వెళ్ళి ‘అయింది’ నొక్కింది. నేను నొక్కాననడానికి కూడా మనసొప్పదు, వేలు నొక్కింది. రోజుకి వందసార్లు తెర మీద లేచే అడ్డమైనవన్నీ అలాగే తోసేసే వేలు అది. చెయ్యి ట్యాపు దాకా పోలేదు.

యాప్‌లో కుడిరెక్క ఆకుపచ్చగా మారింది. ఇంజను మాత్రం ఎడమ ట్యాంకునే తాగుతోంది.

గంట దాటింది. షెపర్డ్ కంట్రోలర్లు నన్ను ఫోర్ట్‌వర్త్ సెంటర్ కంట్రోలర్లకి అప్పజెప్తున్నారు. కొత్త ఫ్రీక్వెన్సీ రాసుకోవాలి, తిప్పాలి, పిలవాలి. వెనకనుంచి బావమరిది, “బావా, అదిగో, ఎర్రగా పారుతోందే, అదేం ఏరు?” అంటున్నాడు. అది రెడ్ రివర్, అటుపక్క ఓక్లహోమా. ఫోన్ మళ్ళీ లేచింది, ‘ఎడమకి మార్చు’ అని. ఈసారి నేను బుద్ధిగానే చెయ్యి కిందికి పెట్టాను. ట్యాపు అప్పటికే ఎడమ మీద ఉంది. అప్పుడైనా ఏదో తేడాగా ఉందని అనిపించాలి. అనిపించలేదు. ‘ఓహో, ఇప్పుడే మార్చేశాను కాబోలు’ అనుకున్నాను. మెదడు తన సుఖం చూసుకుంటుంది, చేతి కింద ఉన్నదానికీ తెర మీద ఉన్నదానికీ ఒక కథ అల్లి పొత్తు కుదిర్చేస్తుంది. ‘అయింది’ నొక్కాను.

గంటన్నరకి ‘కుడికి మార్చు’ అంది. ఆ సమయానికి రేడియో నిశ్శబ్దం, వెనక సీట్లో నిద్ర. పద్ధతి ప్రకారం కరెంటు పంపు ఆన్ చేశాను, ట్యాపు కుడికి తిప్పాను, ఫ్యూయల్ ప్రెషర్ ముల్లు చూశాను, పంపు ఆఫ్ చేశాను. ఆ ముల్లు పక్కనే ట్యాంకుల ముళ్ళు రెండూ ఉంటాయి. ఎడమది అడుగున పడుకుని ఉంది. కుడిది పొద్దున ఎక్కడుందో అక్కడే ఉంది.

ఇక్కడ లెక్క చెప్పాలి. యాప్ తెర మీద మొత్తం మిగిలింది 19 గాలన్లు అని ఉంది. ఆ మొత్తం నిజమే! అబద్ధమల్లా అది ఎక్కడుందన్న దాంట్లోనే. రెండు ట్యాంకుల్లోనూ సరిపడా ఉన్నట్టు చూపిస్తోంది. అసలు సంగతి, కుడిపక్క ముట్టని 17, ఎడమపక్క రెండు. రెండు గాలన్లంటే పదమూడు నిమిషాలు. చిల్డ్రెస్ ఇంకా ఇరవైమూడు నిమిషాల దూరం. మూడోసారి కూడా నా వేలు తొందరపడి ఉంటే, కిందికి దిగడం మొదలుపెట్టే వేళకి రెండు గంటల పెట్రోలు మోసుకుంటూ ఇంజను ఆగిపోయేది.

ఆగితే ఏమవుతుంది? చాలాసార్లు ఏమీ కాదు. వేగం 73 నాట్లకి తెచ్చుకుని, ట్యాపు రెండో ట్యాంకుకి తిప్పి, పంపు వేస్తే కొద్ది క్షణాల్లో ఇంజను అందుకుంటుంది. శిక్షణలో అదే నేర్పుతారు. ఆ క్షణాల్లో పక్కన ఇద్దరు మనవాళ్ళు అరుస్తుంటే, భూమి పైకొస్తుంటే, తెర మీద ‘కుడి ట్యాంకు మీదే ఉన్నావు’ అని ఆకుపచ్చగా వెలుగుతుంటే, ట్యాపు మీద చెయ్యి వేయాలని తోచాలి. తెరని నమ్మితే తోచదు.

చిల్డ్రెస్‌లో దిగాక వాళ్ళిద్దర్నీ కాఫీకి పంపి రెక్క దగ్గరికి వెళ్ళాను. కొలపుల్ల ఎడమ ట్యాంకులో ముంచితే పొడిగా పైకొచ్చింది. ఆ విమానం రెక్కలు కొసన కాస్త ఎత్తుగా ఉంటాయి. మిగిలిన కొంచెమూ లోపలివైపు జారి ఉంటుంది, మూత దగ్గర పుల్లకి అందదు. మా నాన్న కిర్లోస్కర్ డీజిల్ ఇంజనులో వెదురుపుల్ల ముంచి తీసి, తడి ఎంతదాకా ఉందో వేలితో పట్టి చూసేవాడు. పొడిపుల్లని పట్టుకుని నుంచున్నప్పుడు ఆయన గుర్తొచ్చాడు. నాలుక తాకేదాకా పోస్తే పంపు మీద 15 దాటింది అంకె.

మా ఆవిడకి ఇంటికొచ్చాకే చెప్పాను. మొత్తం విని, “ఫోన్ గంట కొడితే వినపళ్ళేదా మీకు?” అంది. వినపడింది, ఆపాను, అదే వచ్చిన గొడవ అన్నాను. కాసేపాగి, “నేను టైమర్‌ని పొయ్యి పక్కనే పెడతాను. హాల్లో పెడితే హాల్లోనే ఆపేస్తాను, పొయ్యి కట్టను. ఎన్నిసార్లు ఇడ్లీపాత్ర అడుగు మాడిందో” అంది. పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. గంట ఎక్కడ మోగాలన్న సంగతి నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

యాప్‌లు రాసేవాడిగా ఒక మాట చెప్పనివ్వండి. ఆ యాప్‌కి ట్యాపు ఎటుందో తెలియదు. తెలిసే దారే లేదు. ట్యాపుకీ ఫోన్‌కీ మధ్య తీగ లేదు, సెన్సర్ లేదు. నేను ‘అయింది’ అంటే అయిందనుకుంటుంది. అయితే తనకి తెలియదని అది ఒప్పుకోదు, బొమ్మ గీసి రంగువేసి దశాంశాలతో సహా చూపిస్తుంది. మేం అలాగే తయారుచేస్తాం మరి. ‘నువ్వు చెప్పావు కాబట్టి అనుకుంటున్నాను’ అని తెర మీద రాస్తే ఎవరు కొంటారు? వంటింటి టైమర్‌కి ఈ తెలివి లేదు. దానికి విమానం తెలియదు, రెక్కలు తెలియవు, కుడిఎడమలు అసలే తెలియవు. అరగంట అయిందంటుంది, అంతే. ఏ ట్యాంకు మీద ఉన్నానో తెలియాలంటే నేను వంగి ట్యాపు చూడక తప్పదు. నాకు కావలసింది ఆ వంగడమే.

ఇది చిన్న విమానాల గోలే అనుకోకండి. 1983 జులై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 ఒకటి 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగి, మానిటోబాలోని గిమ్లీ అనే ఊళ్ళో పాత వైమానిక స్థావరం మీద గ్లైడర్‌లా దిగింది. ఆ రోజు దాని ఇంధన మీటర్లు పనిచేయలేదు. కొలపుల్లలతో కొలిచి లెక్క కట్టారు. కెనడా అప్పుడప్పుడే కిలోల్లోకి మారుతోంది. కావలసింది 22,300 కిలోలు. లెక్కలో వాడిన గుణకం పౌన్లది. కావలసినదాంట్లో సగం కూడా లేకుండా విమానం లేచింది. నన్ను పట్టుకునేది ఆ తర్వాతి సంగతి. ఆ తప్పు అంకెనే విమానంలోని కంప్యూటర్‌కి ఇచ్చారు. అది దాన్ని నమ్మి, ఖర్చయినంతా పద్ధతిగా తీసేస్తూ, ఇంకా బోలెడుంది అని చివరిదాకా చూపించింది. కంప్యూటర్‌లో లోపం లేదు. పైలట్ల చేతి చలవ వల్ల అందులోని 69 మందీ బతికారు. ఈరోజు చిన్న విమానాల్లో పెట్టే ఖరీదైన ఫ్యూయల్ కంప్యూటర్లు ఇంజనులోకి పోయే ప్రతి చుక్కనీ చక్కగానే లెక్కపెడతాయి. కానీ ట్యాంకులో మొదట ఎంత ఉందన్నది వాటికీ మనమే చెప్పాలి.

అటు లిండ్‌బర్గ్‌ని చూడండి. 1927 మే 20న న్యూయార్క్‌లో లేచి ముప్పైమూడున్నర గంటలు ఒక్కడే ఎగిరి పారిస్‌లో దిగాడు. ఐదు ట్యాంకులు, సుమారు 450 గాలన్లు. బరువు తగ్గించుకోవడానికి పెట్రోలు మీటర్లు అసలు పెట్టించుకోలేదు. గడియారం చూసుకుంటూ, ఏ ట్యాంకు ఎన్ని గంటలు వాడాడో ఎదుటి పలక మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ పోయాడు. పాలవాడి లెక్కకి గోడమీద గీతలు గీసినట్టు. ఆ విమానం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది, పలక మీద ఆ గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

అంకెలు కావాలంటే ఉన్నాయి. అమెరికా విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2017లో ఒక హెచ్చరిక పత్రం వేసింది. 2011 నుంచి 2015 దాకా ఇంధనం చూసుకోకపోవడం వల్ల సగటున ఏడాదికి యాభైకి పైగా చిన్న విమానాలు ప్రమాదాల పాలయ్యాయట. వాటిలో 56 శాతం పెట్రోలు పూర్తిగా అయిపోయినవి. 35 శాతం విమానంలో పెట్రోలుండి కూడా ఇంజనుకి అందనివి, అంటే నేను తప్పించుకున్న రకం. యంత్రం లోపం వల్ల జరిగినవి ఐదు శాతంలోపే. అన్నిటికంటే నన్ను ఆపింది ఇంకో అంకె. ఆ పైలట్లలో విద్యార్థులు రెండు శాతం. సగానికి కాస్త తక్కువమంది ఎగరడమే వృత్తిగా లైసెన్సు ఉన్నవాళ్ళు. భయపడుతూ నేర్చుకునేవాడు వంగి చూస్తాడు. చెయ్యి తిరిగినవాడు ‘ఇప్పుడే మార్చాను కాబోలు’ అనుకుంటాడు.

నా వాదనకి ఎదురుమాటలు లేకపోలేదు. క్లబ్బులో ఒక పెద్దాయన, “తప్పు నీ వేలిది, యాప్‌ది కాదు” అన్నాడు. ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఆ వేలికి ఆ అలవాటు చేసింది కూడా ఫోనే. పన్నెండేళ్ళుగా ఆ అద్దం మీద వచ్చిందల్లా చదవకుండా తోసెయ్యడమే నేర్చుకుంది. అదే అద్దం మీద ప్రాణానికి సంబంధించిన కబురొచ్చినా దానికి తేడా తెలియదు.

ఇంకో మాట, టైమర్ గంట వినపడదు. ఇదీ నిజమే. ఇంజను హోరు, చెవులకి హెడ్‌సెట్. నా మొదటి టైమర్ మోగీ మోగీ దానంతటదే ఊరుకుంది. అప్పుడు ఎర్రదీపం వెలిగి ఆరేదీ, వణికేదీ వెతికి కొన్నాను. ఈ విషయంలో ఫోన్‌దే పైచెయ్యి, బ్లూటూత్ ఉంటే గంట నేరుగా చెవిలోనే మోగుతుంది. కానీ ఎండలో ఫోన్ పనిచేయనంటుంది. ఆపిల్ వాళ్ళే తమ ఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాడమంటారు. జులైలో టెక్సస్‌లో అద్దాలపెట్టెలాంటి ఆ గదిలో, కిటికీకి తగిలించిన ఫోన్ 35 దగ్గర ఎందుకుంటుంది? చల్లబడనివ్వమని ఒక ముక్క రాసి తెర మూసుకున్న సందర్భాలు నాకు రెండున్నాయి.

టైమర్ కూడా దండగే అనేవాళ్ళున్నారు. పైపర్ నడిపే పాతకాపులకి ఒక చిట్కా తెలుసు. గడియారంలో నిమిషాల ముల్లు పన్నెండు నుంచి ఆరు దాకా కుడివైపు ఉంటుంది కాబట్టి కుడి ట్యాంకు, ఆరు నుంచి పన్నెండు దాకా ఎడమ ట్యాంకు. రూపాయి ఖర్చు లేదు, బ్యాటరీ అయిపోదు. ఎప్పుడు చూసినా ట్యాపు ఎటుండాలో గడియారమే చెప్తుంది. గొప్ప చిట్కా. నేనూ వాడతాను. దాని లోటల్లా ఒకటే, మనం చూస్తే తప్ప అది పిలవదు. టీ-38లు వచ్చిన వేళ గడియారం వైపు ఎవరు చూస్తారు?

యాప్‌లని నేను వదిలెయ్యలేదు. నేలమీద ఉన్నప్పుడు వాటంత సాయం ఇంకోటి లేదు. ఎదురుగాలి ఎంత, దారిలో ఏ ఊళ్ళో పెట్రోలు దొరుకుతుంది, గాలన్ ఎంత, ఎక్కడ ఆగితే మేలు అన్నవి నాకు మునుపు గంటసేపు కాగితాల పని, ఇప్పుడు ఐదు నిమిషాలు. కాఫీ తాగుతూ చూసుకోవచ్చు, తప్పయితే దిద్దుకోవచ్చు. పైకి లేచాక మాత్రం ట్యాంకుల పెత్తనం దానికి ఇవ్వను.

ఇప్పుడు నా ఏర్పాటు ఇది. మా వంటింట్లోలాంటి టైమరే, పది డాలర్ల లోపు. వెనక అయస్కాంతం ఉంది గానీ విమానం అల్యూమినియం, అంటుకోదు. (ఇంజనీరింగ్ చదివాను, అయినా అంటించబోయాను.) వెల్‌క్రో ముక్కతో అంటిస్తాను, కళ్ళెదుట కాకుండా కింద, ఎడమ పక్కగోడకి, ట్యాపుకి రెండంగుళాల పైన. మా ఆవిడ పొయ్యి పక్కన పెట్టినట్టు. దీపం మెరిస్తే ఆపడానికి చెయ్యి అక్కడికే పోవాలి. ట్యాపు మీద చెయ్యి వేసి, తిప్పి, ఇంజను సాఫీగా ఉందని విన్నాకే బొటనవేలితో టైమర్ ఆపుతాను. తర్వాత తొడమీది పలకపై పెన్సిల్‌తో టైమూ, ‘ఎ’ అనో ‘కు’ అనో ఒక్క అక్షరమూ, ముళ్ళు రెండూ ఎక్కడున్నాయో రాస్తాను. వరసగా రెండు ‘ఎ’లు వస్తే ఏదో తేడా ఉన్నట్టు. ఆ అక్టోబరులో ఇలా రాసి ఉంటే రెండో గంట మోగేసరికే దొరికిపోయేవాణ్ణి.

ట్యాపు చేతికందే చోట ఉండడం నా అదృష్టం. గాయకుడు జాన్ డెన్వర్‌కి అదీ లేదు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ దగ్గర సముద్రంలో కూలి పోయాడాయన. అది ఒకరు ఇంట్లో కట్టుకున్న లాంగ్-ఈజీ విమానం. ఈయన కొత్తగా కొన్నాడు. ట్యాపుని కట్టినవాడు పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. ట్యాంకు మార్చాలంటే తల తిప్పి వెనక్కి మెలితిరగాలి. ఆ తిరగడంలో కాలు కుడి రడ్డర్ పెడల్ మీద పడి విమానం అదుపు తప్పిందని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. బయల్దేరే ముందు పెట్రోలు పోయించుకోకపోవడాన్నీ కారణంగానే రాసింది. పెట్రోలు ఎంతుందో చూపించే గొట్టాలు కూడా సీటు వెనకే, వాటి మీద గుర్తులు లేవు. ఆయన చేతికి ఎలాంటి యాప్ ఇచ్చినా, ఎలాంటి టైమర్ ఇచ్చినా ఆ మెలిక తప్పేది కాదు. ఏ విమానంలో ఎక్కినా ఇప్పుడు నేను మొదట చేసే పని, కళ్ళు మూసుకుని ట్యాపు తడిమి చూడడం.

స్నేహితుడి కూతురికి ఇదంతా చెప్పాక వారంపాటు మాట లేదు. తర్వాత మెసేజ్ పెట్టింది: “బాబాయ్, మా స్కూల్లో అన్నీ 172లే. ట్యాపు ఎప్పుడూ ‘రెండూ’ మీదే ఉంచమంటున్నారు. నాకు టైమర్ దేనికి?” సరైన ప్రశ్నే. ట్యాంకు మార్చే పని లేకపోయినా పెట్రోలు అయిపోయే పని ఉంటుంది కదా అన్నాను. లేవగానే పెట్టు, గంటకోసారి మోగనివ్వు, మోగినప్పుడల్లా రెండు ముళ్ళూ చూసి ఎన్ని గంటలు మిగిలాయో పైకి చెప్పుకో, ఇన్‌స్ట్రక్టర్ నవ్వినా సరే అన్నాను. ఎప్పుడో ఒకరోజు పైపర్ ఎక్కుతావు, అప్పటికి చెయ్యి అలవాటు పడి ఉంటుంది.

మొన్న ఆదివారం ఫొటో పంపింది. పసుప్పచ్చ టైమర్, కోడిగుడ్డు ఆకారంలో ఉంది. కింద రాసింది: “హెడ్‌సెట్‌తో వినపడట్లేదు. ఇన్‌స్ట్రక్టర్‌కి మాత్రం బాగా నచ్చింది, తనకీ ఒకటి తెమ్మన్నాడు.” వణికేది కొనమని తిరిగి రాశాను.